ఇద్దరు ప్లంబర్లు, రెండు మాటలు: చెమ్మగోడ పని ఎవరికి అప్పగించాలి?

ప్రశ్న: తడిగోడ

పెద్దలందరికీ నమస్కారం. మా స్నానాలగదికీ పడకగదికీ మధ్య ఉన్న గోడకు, పడకగది వైపున, నేల నుంచి జానెడు ఎత్తు వరకు చెమ్మ వస్తోంది. మొదట రంగు పొక్కులు లేచింది, తరువాత ఆ పొక్కులు రాలి కింద పొడిలా పడసాగాయి, ఇప్పుడు చేయి పెడితే చల్లగా తగులుతోంది. ఇదంతా మూడు నెలల్లోనే జరిగింది. ఇల్లు కట్టి పదిహేనేళ్లు దాటింది. పైపులన్నీ గోడల లోపలే ఉన్నాయి, ఏది ఎటు వెళ్తుందో చెప్పే నక్షా మా దగ్గర లేదు. ఈ మధ్య ఆ గదిలో పెద్ద మరమ్మతులేవీ చేయించలేదు. నాలుగు నెలల కిందట పాత షవరు తీయించి కొత్తది పెట్టించాం, అంతే.

మొదట వచ్చిన ప్లంబరు గుమ్మం దగ్గరే నిలబడి రెండు నిమిషాలు చూసి, లైను మొత్తం పాతబడిందని, మూడు గోడల టైల్సూ పగలగొట్టి కొత్త లైను వేయక తప్పదని అన్నారు. రెండో ఆయన అదంతా అనవసరమని, టైల్సు సందుల్లోంచి నీరు దిగుతోందని, ఆ సందులను కొత్త గ్రౌటుతో నింపితే చాలని చెప్పారు. ఒకరు చెప్పింది వారం రోజుల పని, మరొకరు చెప్పింది ఒక పూట పని. ఇద్దరూ ఒకే ధీమాతో చెప్పారు, ఇద్దరిలో ఒక్కరు కూడా ఒక్క కుళాయైనా తిప్పి చూడలేదు. మూడో ఆయన వస్తానని రెండుసార్లు చెప్పి రాలేదు.

ఎవరి మాట నమ్మాలి, పని అప్పగించే ముందు ఏమేమి అడగాలి, గోడ పగలగొట్టక ముందే లీకు ఎక్కడుందో తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా అనేవి నా ప్రధాన సందేహాలు. వీటితోపాటు వంటింటి సింకులో నీరు మెల్లగా దిగుతోంది, వాష్‌బేసిన్ కుళాయి రాత్రంతా బొట్లుబొట్లుగా కారుతోంది, ఏదైనా కుళాయిని టక్కున కట్టేస్తే గోడలో ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడు వస్తోంది. వీటిలో నా చేతుల మీదుగా చేసుకోదగినవి ఏవో, ముట్టుకోకూడనివి ఏవో కూడా తెలియజేయగలరు.


సమాధానం: పాతకాపు

తడిగోడ గారూ, ఎవరిని నమ్మాలి అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, నీరు ఏ దారిన వస్తోంది అనే ప్రశ్నతో మొదలుపెట్టండి. అది తేలితే ఎవరిని పిలవాలో కూడా తేలుతుంది, ఎందుకంటే ఒక్కోసారి పిలవాల్సింది ప్లంబరును కాదు, టైల్సు వేసే మేస్త్రీని.

స్నానాలగది గోడలోకి నీరు చేరడానికి మూడు దారులు ఉంటాయి. మొదటిది ఒత్తిడితో నీరు నిలిచి ఉండే సరఫరా లైను. దీనికి చిల్లు పడితే మీరు స్నానం చేసినా చేయకపోయినా ఇరవై నాలుగు గంటలూ కారుతూనే ఉంటుంది. రెండోది వాడిన నీరు బయటకు పోయే లైను, అంటే నేలలోని ట్రాపు (నీరు దిగే రంధ్రం కింద ఉండే వంపు గొట్టం), దాని జాయింట్లు. ఇది వాడినప్పుడు మాత్రమే కారుతుంది. మూడోది పైపులతో సంబంధం లేనిది. నేల, గోడల మీద పడిన నీరు టైల్సు సందుల్లోంచి, మూలల్లోంచి ఇంకడం. మీ దగ్గరకు వచ్చిన ఇద్దరిలో ఒకరు మొదటి దారి అన్నారు, ఇంకొకరు మూడో దారి అన్నారు, రెండో దారి సంగతి ఎవరూ ఎత్తలేదు.

సరఫరా లైనును పరీక్షించడం అన్నిటికంటే తేలిక. ముందుగా ఫ్లష్ ట్యాంకుకు నీరు వెళ్లే యాంగిల్ కాక్ (గోడ దగ్గర ఉండే చిన్న వాల్వు) కట్టేయండి, లేకపోతే ట్యాంకులోని చిన్న లీకు లెక్కంతా తప్పిస్తుంది. తరువాత ఇంట్లోని కుళాయిలన్నీ కట్టేసి, రాత్రి పడుకునే ముందు నీటి మీటరు అంకెలను ఫోటో తీసి, ఉదయం ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ తీయండి. మీటరు లేని ఇంట్లో ట్యాంకులోకి నీరు వచ్చే దారి మూసి, లోపలి నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టుకుంటే అదే పని చేస్తుంది. అంకె కదిలితే స్నానాలగది వాల్వు కట్టేసి మరుసటి రాత్రి మళ్లీ చూడండి. అప్పుడు కదలిక ఆగిపోతే లీకు ఆ గదిలోనే ఉన్నట్టు. గీజరుకు నీరు వెళ్లే వాల్వును విడిగా కట్టేసి చూస్తే వేడినీటి లైనా, చల్లనీటి లైనా అనేది కూడా తేలిపోతుంది. అయితే ఆ పరీక్ష చేసేటప్పుడు గీజరు స్విచ్చి ఆపి ఉంచడం మరచిపోకండి.

అంకె కదలకపోతే సరఫరా లైను మీద అనుమానం చాలావరకు తీరినట్టే. అప్పుడు నేలను పరీక్షించాలి. నేల ట్రాపు మూతిని ప్లాస్టిక్ సంచిలో చుట్టిన గుడ్డతో బిగించి, గడప దాటకుండా రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నీరు నిలబెట్టి, మట్టం దగ్గర పెన్సిలు గీత గీసి ఒక రోజంతా వదిలేయండి. ఆవిరయ్యే నీరు స్వల్పం కనుక, గీత నుంచి మట్టం స్పష్టంగా దిగిందంటే నేలలోంచి, గోడ అడుగు మూలల్లోంచి ఇంకుతున్నట్టు. కింద వేరే వాళ్ల ఇల్లు ఉంటే వాళ్లకు ముందే చెప్పండి, చెప్పకుండా చేసి నేను ఒకసారి మాటపడ్డాను. నేల మీది నీరు గీత దగ్గరే నిలబడితే గుడ్డ తీసేసి, గోడలకు తగలకుండా పది బక్కెట్ల నీరు నేరుగా ట్రాపులోకే పోయండి. ఆ తరువాత చెమ్మ ముదిరితే పోయే లైను జాయింటును అనుమానించాలి.

ఈ పరీక్షలన్నిటిలో గోడను చూసి తొందరపడకూడదు. తడిసిన గోడ లీకు ఆగిన తరువాత కూడా వారాల తరబడి తడిగానే కనిపిస్తుంది, అలాగే కొత్త నీరు అవతలి పక్కకు రావడానికి రోజులు పడుతుంది. అందుకే చెమ్మ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాసుకోండి. కళ్ల అంచనా కంటే ఆ గీత నమ్మదగినది.

ఇంకొక మాట. తడి కనిపించిన చోటే లీకు ఉంటుందనుకోవడం చాలా ఇళ్లలో చాలా టైల్సును బలి తీసుకుంది. నేనూ ఒకసారి తడి ఉన్నచోటే గోడ తవ్వించాను. లోపలి పైపు ఎండుగా, నిగనిగలాడుతూ బయటపడింది. నీరు దానికి మూడడుగుల పైనుంచి దిగుతోంది.

సింకు విషయం మీ చేతుల్లోనే ఉంది. కింద బక్కెట్టు పెట్టి, సీసా ఆకారంలో ఉండే ట్రాపు అడుగు భాగాన్ని చేత్తోనే తిప్పి తీసి కడగండి. ఎక్కువసార్లు నూనె, జిడ్డు, మెతుకులు అక్కడే గడ్డకట్టి ఉంటాయి. అక్కడ శుభ్రంగా ఉంటే అడ్డు ఇంకా ముందుకు ఉన్నట్టు. అప్పుడు ప్లంజరు (కర్రకు తగిలించిన రబ్బరు గిన్నె) పనికివస్తుంది. బేసిన్‌కు పొంగునీటి రంధ్రం గానీ, పక్కన రెండో సింకు గానీ ఉంటే వాటిని తడిగుడ్డతో గట్టిగా మూసి కొట్టాలి, లేకపోతే మీరు తోసిన ఒత్తిడి అంతా అటునుంచి బయటకు పోతుంది. మసిలే నీళ్లు పోయమని చాలామంది చెబుతారు. ప్లాస్టిక్ ట్రాపుల మీద ఆ సలహా పాటించకండి. పీవీసీ దాదాపు 80 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది, జాయింట్లు వంగుతాయి. చేయి పెట్టగలిగే వేడి చాలు.


సమాధానం: పైపులపని

నేను ఇరవై ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కనుక అవతలి వైపు మాట కూడా చెప్పాలి. పాతకాపు గారు చెప్పిన పరీక్షలన్నీ సరైనవే, కానీ ఆయన మూడు దారులు చెప్పి నాలుగోది వదిలేశారు. షవరును తెరిచే వాల్వు దాటిన తరువాత షవరు దాకా, లేదా గోడ కుళాయి మూతి దాకా ఉండే పైపులో నీరు ఎప్పుడూ ఒత్తిడిలో ఉండదు, కుళాయి తిప్పినప్పుడే ఉంటుంది. అక్కడి జాయింటు కారితే మీటరు పరీక్షలో పట్టుబడదు, నేల పరీక్షలో కూడా పట్టుబడదు, స్నానం చేసిన ప్రతిసారీ పావుగంట కారి ఊరుకుంటుంది.

మీ ప్రశ్నలో మీరు 'అంతే' అని దాటేసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నాలుగు నెలల కిందట షవరు మార్చారు, మూడు నెలలుగా చెమ్మ వస్తోంది. షవరు చేయి, అంటే గోడలోంచి బయటకు వచ్చే గొట్టం, గోడలోని ఎల్బోలోకి (పైపు మలుపు ముక్కలోకి) మరలతో బిగుస్తుంది. ఆ మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి. పైపు కొసను మన వైపు తిప్పి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి, తిరగేసి చుడితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్ద కడుతుంది. అంతకంటే తరచుగా జరిగే తప్పు ఇంకొకటి ఉంది. చేయి బిగిసేసరికి మూతి కిందికి కాకుండా కాస్త పక్కకు తిరిగి ఆగుతుంది, చూడటానికి వంకరగా ఉందని దానిని పావు చుట్టు వెనక్కి తిప్పుతారు. టేపుతో బిగించిన మరను వెనక్కి తిప్పితే ఆ పట్టు పోయినట్టే. విప్పి, పాత టేపు తీసేసి, ఇంకో రెండు చుట్లు ఎక్కువ వేసి మళ్లీ బిగించాలి తప్ప వేరే దారి లేదు. గోడకు అంటుకుని ఉండే గుండ్రటి బిళ్ల వెనక జరిగేది ఎవరికీ కనిపించదు కనుక, నీరు టైలు వెనక నుంచి గోడ అడుగుకు జారిపోతుంది.

మీ ఇంట్లో ఇదే జరిగిందని నేను చెప్పడం లేదు, చూడకుండా తీర్పు చెప్పిన ఇద్దరి సరసన మూడోవాడిగా చేరడం నాకు ఇష్టం లేదు. కానీ దీనిని తేల్చుకోవడం సులభం. షవరు చేయి విప్పి, ఆ ఎల్బోలో ఒక ఎండ్ ప్లగ్గు (మర ఉన్న బిరడా) బిగించి, చల్లనీటి వాల్వు మాత్రం తెరిచి ఉంచితే, మామూలుగా ఖాళీగా ఉండే ఆ నిలువు పైపు ఇప్పుడు పూర్తి ఒత్తిడిలో ఉంటుంది. ఇంట్లో మిగతా కుళాయిలన్నీ కట్టేసి అరగంట మీటరు చూడాలి. కదిలితే ఆ నిలువు పైపు గోడలోనే కారుతోంది, ఆ ఒక్క వరుస టైల్సు తీయక తప్పదు. కదలకపోతే తప్పు షవరు చేతి మర దగ్గరే ఉండి ఉండవచ్చు, ఒక్క టైలు కూడా పగలదు.

ఇక ప్లంబరును ఎంచుకునే విషయం. ఫోనులోనే మీకు చాలా తెలిసిపోతుంది. ఎప్పటి నుంచి, వాడినప్పుడా ఎప్పుడూనా, పైపు ఇనుముదా ప్లాస్టిక్‌దా, మెయిన్ వాల్వు ఎక్కడుంది, ఈ మధ్య ఏమైనా మార్పించారా అని అడిగేవారు పని తెలిసినవారు. మీరు కూడా 'లీకు ఉంది, రండి' అని ఊరుకోకుండా ఈ వివరాలన్నీ చెప్పి, ఫోటోలు పంపితే మేము సరైన సామాను తెచ్చుకుంటాం. చాలాసార్లు మా సమయం సగం సామాను కోసం తిరగడంలోనే పోతుంది, దానికి కూడా మీరే చెల్లించుకుంటారు. ప్లంబర్లకు లైసెన్సు తప్పనిసరి అయిన చోట ఆ పత్రం అడగడంలో మొహమాటపడకండి. అలాంటి నియమం లేని చోట, ఆయన ఏడాది కిందట పని చేసిన ఇంటికి ఫోను చేసి అడగండి. నిన్న చేసిన పనిని చూస్తే ఏమీ తెలియదు, జాయింటు సంగతి ఏడాది తరువాతే తెలుస్తుంది.

గోడ పగలగొట్టాలని ఎవరైనా అంటే, లీకు అక్కడే ఉందని ఎలా తేల్చారు అని ముందు అడగండి. దానికి సూటిగా జవాబు రాకపోతే పని ఇవ్వకండి. తరువాత ఎన్ని టైల్సు తీస్తారు, మళ్లీ అతికించేది ఎవరు, చెత్త ఎవరు ఎత్తిపోస్తారు, గోడ మూసే ముందు ఒత్తిడి పరీక్ష చేస్తారా అని అడిగి, జవాబులను కాగితం మీద రాయించుకోండి. గొడవలు వచ్చేది ఎక్కువగా పైపు పని దగ్గర కాదు, ఈ చివరి పనుల దగ్గర. ఒత్తిడి పరీక్ష అంటే పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. చేతిపంపుకు గేజీ తగిలించి, మామూలుగా ఉండే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి, ముల్లు కదలకుండా నిలుస్తుందో లేదో చూడటమే. నీటి మట్టం ప్రతి 10 మీటర్ల ఎత్తుకూ దాదాపు 1 బార్ ఒత్తిడి వస్తుంది, దానిని బట్టి మీ ఇంటి లెక్క మీరే వేసుకోవచ్చు.

కొత్త ప్లాస్టిక్ లైను వేయాల్సి వస్తే వేడినీటికి సీపీవీసీ వాడుతున్నారో లేదో చూసుకోండి. అది 93 డిగ్రీల వరకు తట్టుకునేలా తయారవుతుంది, మామూలు యూపీవీసీ వేడినీటికి పనికిరాదు. రెండింటికీ అతికించే సొల్యూషన్ కూడా వేరువేరు. పైపును అడ్డంగా, వంకర లేకుండా కోసి, అంచు గరుకు తీసి, పైపుకూ ఫిట్టింగుకూ రెండింటికీ పూసి, పావు చుట్టు తిప్పుతూ లోపలికి నెట్టి, అర నిమిషం పట్టుకోవాలి. ఆరడానికి ఎంతసేపు ఉంచాలో డబ్బా మీదే రాసి ఉంటుంది. చలిలో ఇంకా ఎక్కువ పడుతుంది. వీలైతే ఒక రోజు ఆగి పూర్తి ఒత్తిడి ఇవ్వండి. అతికించిన పది నిమిషాలకే నీళ్లు వదలమని ఇంటివారు తొందరపెడితే మాలో చాలామంది మొహమాటానికి వదిలేస్తారు, ఆ పాపం తరువాత బయటపడుతుంది.

ఒకే ఒక్క విన్నపం. మీరు సింకులో డ్రెయిను మందు ఏదైనా పోసి ఉంటే, ట్రాపు విప్పే మనిషికి ముందే చెప్పండి. కాస్టిక్ సోడా ఉన్న నీరు ముఖం మీద చిందిన మనిషిని నేను చూశాను. బ్లీచింగ్ ద్రవం పోసిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసి ఉన్న చిన్న గదిలో అది ప్రాణం మీదకు తెస్తుంది.


సమాధానం: నీటిలెక్క

గోడలో సుత్తిచప్పుడు గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. పైపులో పరుగెడుతున్న నీటికి బరువు, వేగం రెండూ ఉంటాయి. దాని ముందు తలుపు టక్కున మూసేస్తే ఆ ఊపంతా ఒత్తిడిగా మారి, పైపు వెంబడి అలలా వెనక్కి పరుగెడుతుంది. సెకనుకు ఒక మీటరు వేగంతో వెళ్తున్న నీటిని లోహపు పైపులో ఒక్కసారిగా ఆపితే ఒత్తిడి క్షణకాలం 10 బార్లకు పైగా ఎగబాకుతుంది. ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కనుక అందులో అంతకంటే తక్కువగా ఉంటుంది. అర చుట్టుతో మూసుకునే కుళాయిలు, బట్టలు ఉతికే యంత్రాల్లోని కరెంటు వాల్వులు వచ్చిన తరువాత ఈ చప్పుడు ఎక్కువైంది, ఎందుకంటే పాత కుళాయిలను నాలుగైదు చుట్లు తిప్పితే గానీ మూసుకునేవి కావు. మెల్లగా కట్టడం, బయటకు కనిపించే పైపులకు క్లాంపులు వేయించడం, ఒత్తిడి మరీ ఎక్కువగా ఉంటే తగ్గించే వాల్వు పెట్టించడం, అప్పటికీ ఆగకపోతే ఆ యంత్రం దగ్గర హామర్ అరెస్టరు (ఆ దెబ్బను మింగే చిన్న పరికరం) బిగించడం దీనికి మందు. చెవికి ఇబ్బంది అనుకుని వదిలేయకండి, బలహీనంగా ఉన్న జాయింట్లను ఆ దెబ్బలు రోజురోజుకూ వదులు చేస్తాయి.

బొట్లు కారే కుళాయి గురించి కూడా ఒక లెక్క. సెకనుకు ఒక బొట్టు అంటే రోజుకు 86,400 బొట్లు, నాలుగు బొట్లు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు 20 లీటర్లు దాటుతుంది. బేసిన్ కింది యాంగిల్ కాక్ కట్టేసి, కుళాయి తెరిచి మిగిలిన నీరు పోనిచ్చి, బేసిన్ రంధ్రం మీద గుడ్డ కప్పి (స్క్రూలు అందులోకే దూకుతాయి) కుళాయి తల విప్పండి. పాతరకమైతే లోపలి రబ్బరు వాషరు మార్చాలి, అర చుట్టు రకమైతే లోపలి స్పిండిల్ (పిడితో పాటు తిరిగే భాగం) మొత్తం మార్చాలి. పాతదానిని జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి, మాటలతో కొలత చెప్పి తెచ్చినది ఎన్నడూ సరిపోదు. ముఖ్యంగా, యాంగిల్ కాక్ ఏళ్లుగా తిప్పక బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకండి. మెయిన్ వాల్వు కట్టేసిన తరువాతే దాని జోలికి వెళ్లండి.

గీజరు పక్కనుండే సేఫ్టీ వాల్వు నుంచి కారుతున్నా సరే దానికి మూత బిగించే ఆలోచన ఎవరూ చేయవద్దు. మీరు అడిగిన 'ముట్టుకోకూడనివి' జాబితాలో అదే మొదటిది, గ్యాస్ పైపు రెండోది.


సమాధానం: కూలిలెక్క

పైపులపని గారు అన్నీ చెప్పారు గానీ, పనిని గుత్తకు ఇవ్వాలా రోజుకూలికి ఇవ్వాలా అనే చోట మౌనం వహించారు. నా అనుభవంలో గుత్తకు ఇస్తే పని త్వరగా అవుతుంది, నాణ్యత పోతుంది. రోజుకూలికి ఇస్తే నాణ్యత ఉంటుంది, పని ఎప్పటికీ కాదు.


సమాధానం: పైపులపని

మౌనం వహించలేదు, మరచిపోయాను. ఏమి చేయాలో ముందే తెలిసిన పనికి, అంటే కమోడు మార్చడం, కొత్త లైను వేయడం లాంటి వాటికి గుత్త మంచిది. గోడలో ఏముందో తెలియని పనిని గుత్తకు అడిగితే, తెలివైనవాడు తన భయమంతా ధరలో కలిపి చెబుతాడు, తెలివితక్కువవాడు తక్కువ చెప్పి మధ్యలో గొడవ పెట్టుకుంటాడు. మొదటి ప్లంబరు మూడు గోడలు పగలగొడదాం అనడంలో దురాశే ఉందని నేను అనుకోను. వెతికినందుకు ఎవరూ డబ్బివ్వరు, పగలగొట్టి కొత్తది వేస్తే ఇస్తారు, పైగా ఆ తరువాత లీకు ఉందని ఎవరూ అనలేరు. అందుకే వెతకడానికి ఒక రుసుము, దొరికాక బాగుచేయడానికి మరొక ధర అని విడదీసి మాట్లాడుకోండి. వెతకడానికి పట్టే గంటలకు పైపరిమితి పెట్టండి. సామాను మీరు కొంటే సామాను చెడితే బాధ్యత మీది, మేము తెస్తే బిల్లు అడిగి తీసుకోండి, అప్పుడు బాధ్యత మాది.


తడిగోడ

పన్నెండు రోజుల తరువాత మళ్లీ రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మొదటి రాత్రి మీటరు ఒక్క అంకె కూడా కదలలేదు. నేల మీద నిలబెట్టిన నీరు రోజంతా గీత దగ్గరే ఉంది. ట్రాపులోకి పది బక్కెట్లు పోసి మూడు రోజులు ఆ గదిని ఎవరమూ వాడలేదు, పెన్సిలు గీత దాటి చెమ్మ రాలేదు. అప్పుడు కొత్తగా ఇంకొక ప్లంబరుకు ఫోను చేసి, వెతకడానికి విడిగా రుసుము ఇస్తానని చెప్పాను. ఆయన మొదటి ప్రశ్నే, ఈ మధ్య ఏమి మార్పించారు అని. నాకు నవ్వు వచ్చింది, కాస్త సిగ్గు కూడా వేసింది.

షవరు చేయి విప్పితే టేపు రెండే చుట్లు ఉంది, అదీ చిరిగి ఒక పక్కకు ముద్దగా చేరింది. బిళ్ల వెనక టైలుకు పెద్ద రంధ్రం, దాని అంచున నీరు జారిన తెల్లటి చార. ప్లగ్గు బిగించి అరగంట చూశాం, మీటరు కదలలేదు. కొత్తగా టేపు చుట్టి బిగిస్తే చేయి పక్కకు తిరిగి ఆగింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఆయన వెనక్కి తిప్పలేదు, మొత్తం విప్పి ఇంకా ఎక్కువ చుట్లు వేసి మళ్లీ మొదలుపెట్టారు, మూడోసారికి మూతి సరిగ్గా కిందికి వచ్చింది. టైలు రంధ్రం చుట్టూ సిలికాన్ పూశారు. మొత్తం పని గంటలో అయిపోయింది. అప్పటి నుంచి వారం గడిచింది, మామూలుగానే స్నానాలు చేస్తున్నాం, చెమ్మ అంచు గీత నుంచి వేలెడు వెనక్కి తగ్గింది.

షవరు బిగించిన మనిషిని తప్పుపట్టబోతే గుర్తుకు వచ్చింది, ఆ రోజు మూతి వంకరగా ఉందని సరిచేయమన్నది నేనే.

సింకు ట్రాపు కూడా విప్పి కడిగాను. ఇప్పుడు నీరు బాగానే పోతోంది గానీ, కింద బక్కెట్టు తీయడానికి ధైర్యం చాలడం లేదు. గోడకు రంగు ఎప్పుడు వేయించవచ్చు?


సమాధానం: పైపులపని

తొందరపడకండి. తడిసిన గోడ ఆరడానికి మోటుగా చెప్పాలంటే నెలకు ఒక అంగుళం మందం, అదీ గాలి ఆడితేనే. పొక్కులు లేచిన రంగునూ వదులైన పూతనూ గీకేసి, బీరువాలు జరిపి, గోడను ఖాళీగా వదిలేయండి. తెల్లటి ఉప్పుపొడి పైకి తేలుతుంది. దానిని పొడి బ్రష్షుతో దులపండి, నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. రంగు వేసే ముందు జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపు చెమటలాంటి తుంపర్లు కనిపిస్తే ఇంకా ఆగాలి.

సింకు ట్రాపుకు వాషరు తిన్నగా కూర్చుంటే చేతి బిగువు చాలు, పానా వేసి బిగిస్తే ప్లాస్టిక్ మర చిట్లుతుంది. దాని జాయింటు చుట్టూ ఒక వార్తాపత్రిక ముక్క చుట్టి, సింకు నిండా నీరు నింపి ఒక్కసారిగా వదిలి, ఉదయం చూడండి. కాగితం పొడిగా ఉంటే బక్కెట్టు తీసేయవచ్చు.